బొమ్మలకు కోసిన పెండ్లిచీర

నాకు కోపం ఎక్కువని బుక్కరాయసముద్రంలో అందరికీ తెలుసు. రవిక బిగుతైందని వచ్చేవాళ్ళు కూడా ముందు గడప దగ్గర నిలబడి నా మొహం చూసి, ఆ తర్వాతే సంచిలోంచి రవిక తీస్తారు. కొలతలిచ్చిన నాటికీ కట్టుకునే నాటికీ మధ్య నువ్వు లావెక్కితే అది నా తప్పా అని అడిగేస్తాను మరి. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ చెప్పి చెప్పి పోయింది. అయినా ఇరవై ఏళ్ళుగా నా షాపులో రెండు మిషన్లు ఆగకుండా తిరుగుతున్నాయంటే అది నోటివల్ల కాదు, చేతివల్ల. నా కుట్టు వంకర పోదు. ఇప్పుడు చెప్పబోయే సంగతిలో నా కోపం సగం ఆ చేతిమీదే.

మా షాపు ముందు కారు ఆగితే మామూలుగా దారి అడగడానికే. ఆ రోజు మాత్రం అనుపమ దిగింది. అనంతపురం పాతూరులో పెద్ద బట్టలంగడి ఉన్న రామకృష్ణయ్యగారి కోడలు. బెంగళూరులో డిజైనింగ్ చదివి సొంతంగా బట్టల లేబుల్ పెట్టుకుంది. వెనక సీటు నిండా ఎనిమిది అట్టపెట్టెలు, వాటిలో ఎనిమిది బొమ్మలు. మూరెడు పొడవు, మీగడ రంగు మొహాలు, పడుకోబెడితే కళ్ళు మూసుకుంటాయి. విదేశాల నుంచి తెప్పించినవట. ఒక్కోదానికి ఒక నంబరు, ఒక సర్టిఫికెట్టు. పిల్లలు ఆడుకోవడానికి కాదు, పెద్దవాళ్ళు బీరువాలో దాచుకోవడానికట. ఆడుకోని బొమ్మ ఎందుకు మేడమ్ అంటే, అదొక లోకం కృపక్కా అని నవ్వింది.

వాళ్ళత్త లలితమ్మగారికి ఒక సేవా సంఘం ఉంది. దాని తరఫున ఫ్యాషన్ షో పెడుతున్నారు. మనుషులు నడవరు, బొమ్మలే. డిజైనర్ బట్టలు కట్టిన బొమ్మల్ని వేదికమీద తిప్పి, పెద్ద తెరమీద చూపించి, వేలం వేస్తారు. వచ్చినదాంతో కరువు ఊర్లలో పెండ్లి కుదిరిన ఆడపిల్లలకు చీరలు ఇస్తారు. నాకు ఒళ్ళు మండింది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, శెనక్కాయ వేస్తే విత్తనం కూడా తిరిగిరాని ఊర్ల పేరు చెప్పి బొమ్మలకు పట్టుబట్టలా అనుకున్నాను. కానీ ఆ మాట నోటితో అనలేదు. ఎందుకంటే అనుపమ ఇంకో మాట చెప్పింది. ప్రతి బొమ్మ పక్కనా కార్డు ఉంటుందని, దానిమీద తన పేరు కింద 'కుట్టుపని: కృపాకుమారి, బుక్కరాయసముద్రం' అని వేయిస్తానని. ఇరవై ఏళ్ళలో నా పేరు అచ్చులో చూసుకున్నది కరెంటు బిల్లుమీదే. అంత కోపమూ ఆ ఒక్క మాటకు చల్లారిపోయింది.

రెండు వారాల తర్వాత చీర తెచ్చింది. పాత ధర్మవరం పట్టు. కుంకుమ రంగు ఒళ్ళు, ముదురాకుపచ్చ అంచు, కొంగు నిండా జరీ. అలాంటి జరీ ఇప్పుడు రాదు. మడత విప్పితే పసుపు వాసన, కర్పూరం వాసన. కళ్యాణదుర్గం అవతల నల్లరాళ్ళపల్లిలో ఒక ముసలామె దగ్గర దొరికిందని చెప్పింది. బదులుగా ఆమెకు తమ అంగడి నుంచి ఒక కొత్త చీర, రవికగుడ్డ, పండ్లు, ఆకు వక్క పెట్టి, గౌరవంగానే తీసుకున్నానంది. ఆ ఆకు వక్క ఎంత పని చేసిందో అప్పటికి ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

చీరను బల్లమీద పరిచి తిరగేశాను. కొంగు చివర, లోపలి వైపు, పసుపు పోగుతో వేసిన కుట్లు కనిపించాయి. వరసగా, ఒక్కొక్కటి గోరంత. లెక్కపెట్టాను, నలభై ఒకటి. చిరుగుకు వేసిన కుట్టయితే కింద చిరుగుండాలి. గుడ్డ ఎక్కడా చినగలేదు. పోనీ అందానికి వేసిందంటే ఒక చేతి పని అయివుండాలి. ఇవి ఒక చేతివి కావు. ఒకటి బిగించింది, ఒకటి వదులుగా వేసింది, ఒకటి ఎడమచేతి వాటం. నలభై ఒక్క కుట్లు, నలభై ఒక్క మంది. గుడ్డ చూసి మనిషిని చెప్పగలిగినదాన్ని, నాకేమీ తెలియలేదంటే అబద్ధం. అదేమిటో తెలియలేదు గానీ, ఏదో ఉందని మాత్రం తెలిసింది.

అనుపమకు ఫోను చేసి నలభై ఒక్క కుట్లున్నాయని చెప్పాను. ఆమె వీడియోలో చూసి మురిసిపోయింది. అందమంతా అక్కడే ఉంది అక్కా, ఆ వరస పెండ్లికూతురు బొమ్మ కొంగుమీద బయటికి కనపడేట్టు కత్తిరించు అంది. ఆ ముసలామెను ఒక మాట అడగండి మేడమ్ అన్నాను. తీసుకున్నాం కదా, ఇంకేం అడగాలి అంది. అప్పుడు నేను ఇంకోసారి అడిగివుండాలి. అడగలేదు. సుద్దముక్కతో గీత గీసి కత్తెర పెట్టాను. పట్టు కోసేటప్పుడు వచ్చే చప్పుడు చిన్నదే, పక్కన మిషన్ తిరుగుతుంటే వినపడదు. ఆ రోజు రెండు మిషన్లూ ఆగివున్నాయి.

వారంలో ఆ ఒక్క చీరలోంచే ఎనిమిది బొమ్మలకూ కుట్టేశాను. ఒకదానికి లంగా ఓణీ, ఒకదానికి నేలమీద జీరాడే గౌను, ఇంకోదానికి షేర్వాణీలాంటిది, చివరగా పెండ్లికూతురు బొమ్మకు చీర. అంగుళానికి పద్దెనిమిది కుట్లు పడ్డాయి. బొమ్మల హుక్కులు బియ్యపుగింజంత. మిగిలిన ముక్కలన్నీ ఒక సంచిలో వేసి పెట్టాను. ఎవరి గుడ్డయినా ముక్క పారేయడం నా చేతికి రాదు.

ఆదివారం సాయంత్రం అనంతపురంలో ఒక కళ్యాణమండపంలో షో. నేను తెర వెనక గుండుసూదులు పట్టుకుని నిలబడ్డాను. పోగానే నేను చేసిన మొదటి పని కార్డులు చూడటం. ఎనిమిదీ చూశాను. బొమ్మ నంబరు ఉంది, అనుపమ పేరు ఉంది, వాళ్ళ అంగడి పేరు ఉంది, సేవా సంఘం గుర్తు ఉంది. నా పేరు లేదు. అడిగితే, చోటు చాలలేదక్కా, స్టేజీమీద చెప్తాలే అంది. నా కోపం మొదట దానికే వచ్చిందని ఒప్పుకోవాలి. వేరేవాళ్ళ చీర కోసిపెట్టి, కార్డుమీద నా పేరు రాయలేదని పళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను.

ముందు వరస సోఫాల్లో వేలం పాడేవాళ్ళు. ఎడమ పక్క ప్లాస్టిక్ కుర్చీల్లో పల్లెల నుంచి బస్సులో తెచ్చిన ఇరవైమంది ఆడవాళ్ళు. ఫొటోలో బాగుండాలని అందరికీ ఒకే రంగు కండువాలు కప్పారు. మొదటి కుర్చీలో ఒక ముసలామె నిటారుగా కూర్చునుంది. ఆమే నల్లరాళ్ళపల్లి మారెక్క, చీర ఇచ్చిన మనిషి. పక్కన లక్ష్మీదేవి అని ఇరవై ఏళ్ళ పిల్ల, మారెక్కకు మనవరాలి వరస. వచ్చే శుక్రవారం ఆ పిల్ల పెండ్లి. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పటికి నాకు కనపడింది కండువాలే.

ముందు లక్ష్మీదేవిని వేదికమీదికి పిలిచారు. లలితమ్మగారు ప్లాస్టిక్ కవర్లో ఒక చీర చేతికిచ్చారు. దూరం నుంచి చూసినా అది పట్టు కాదని చెప్పగలను, కవర్లోనే మెరిసి చస్తోంది. ఫొటో సరిగా రాలేదని వెనక్కి తీసుకుని రెండోసారి ఇచ్చారు. రెండోసారి నవ్వమని కూడా చెప్పారు. ఆ పిల్ల నవ్వింది.

తర్వాత బొమ్మలు. తిరిగే బల్లమీద ఒక్కొక్క బొమ్మను పెడుతుంటే కెమెరా పట్టుకున్న తిప్పేష్ అనే కుర్రాడు దాని దగ్గరికి పోయి చూపిస్తున్నాడు, వెనక పెద్ద తెరమీద అది మనిషి కంటే పెద్దగా కనపడుతోంది. గౌను బొమ్మను బెంగళూరు నుంచి వచ్చిన ఒకాయన పాడుకుని, పెట్టెతో సహా తీసుకుని, పని ఉందని వెళ్ళిపోయాడు. ఒకటొకటిగా ఏడూ అమ్ముడుపోయాయి, మిగతా ఆరూ వేదికమీదే పక్కన నిలబెట్టారు. చివరికి పెండ్లికూతురు బొమ్మ వచ్చింది. కొంగు ముందుకు తిప్పి పెట్టాం. తిప్పేష్ కొంగు దగ్గరికి పోయాడు. పసుపు కుట్లు తెర నిండా పరుచుకున్నాయి.

అనుపమ మైకు తీసుకుని, గొంతు తగ్గించి చెప్పింది. "ఈ కుట్లు చూడండి. కరువులో చినిగిపోయిన చీరను ఒక పేద తల్లి ఎన్నిసార్లు అతుక్కుందో చూడండి. ఒక్కో కుట్టు ఒక్కో కన్నీటి బొట్టు."

"అది చినగలే," అంది మారెక్క.

లేచి నిలబడింది. మైకు లేకపోయినా ఆ మాట మండపం చివరిదాకా వినపడింది. చేలో పందుల్ని అదిలించి అదిలించి పెరిగిన గొంతు అది. లలితమ్మగారు కిందికి దిగి వచ్చి, కూర్చో అమ్మా, తర్వాత మాట్లాడుకుందాం, భోజనాలు కూడా ఉన్నాయి అని భుజం పట్టుకున్నారు. మారెక్క ఆ చేతిని తీసి పక్కన పెట్టింది.

"మొదటిది మా అత్త బయమ్మది. పన్నెండోది నాది. నా కుట్టు నాకు తెలీదా? పెండ్లయిన పదారో దినం కంకణం ఇప్పి, ఆ పోగుతోనే ఏసినా. ఈ పాప పెండ్లికి చీర కావల్ల. మీ పని అయిపోయింటాది, ఇస్తారని వచ్చినాం. యాడుండాది మా చీర?"

మండపంలో సగం మందికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మిగతాది బస్సులో వచ్చిన ఆడవాళ్ళు ఒకరి మాట ఒకరు అందుకుంటూ చెప్పారు. నల్లరాళ్ళపల్లి మొత్తానికి పెండ్లిచీర అదొక్కటే. బయమ్మ పెండ్లయిన మరుసటేడు చుక్క వాన పడలేదు, ఆడబిడ్డ పెండ్లికి చీర లేదు, తన చీరే కట్టించి పంపింది. ఆ పక్కేడు ఇంకొకరు అడిగారు. అదే ఊరి పద్ధతైంది. నాలుగు వానలు పడిన ఏడు కూడా మానలేదు. సేద్యం చేసేవాళ్ళ పిల్లయినా, గొర్రెలు కాసేవాళ్ళ పిల్లయినా తలంబ్రాలకు అదే చీర. పెండ్లివాళ్ళు మారెక్క ఇంటికి రవికగుడ్డ, ఆకు వక్క తెచ్చి పెడతారు. పెట్టినవాళ్ళకు చీర ఇస్తుంది. కంకణం విప్పిన రోజు పెండ్లికూతురు ఆ పోగుతో కొంగుకు ఒక కుట్టు వేసి, మళ్ళీ ఆకు వక్కతోనే చీర తెచ్చిస్తుంది. ఆకు వక్క పెట్టినవాళ్ళు తిరిగి ఇస్తారా అని ఆ ఊర్లో ఎవరూ ఎవరినీ అడగరు. అడిగితే తిట్టినట్టు. అనుపమ ఆకు వక్క పెట్టింది. మారెక్క ఇచ్చింది. కొత్త చీర ఎందుకిచ్చిందో తెలియక, పెద్దింటి మర్యాద కాబోలనుకుంది.

తెలియక చేసింది తప్పంటే నేను ఒప్పుకోను. ఆకు వక్క పెట్టి తీసుకుంటే మా వైపు అది ఇంక తీసుకున్నవాళ్ళదైపోయినట్టే. తెలిసిన తర్వాత ఏం చేసిందో చూడండి. అనుపమ రెండు క్షణాలు తడబడింది. తర్వాత సోఫాల వైపు తిరిగి నవ్వింది.

"చూశారా, ఎంత గొప్ప కథో! నలభై ఒక్క పెండ్లిళ్ళ చీర ఇది. ఇప్పుడు ఈ బొమ్మ విలువ ఎంతో మీరే చెప్పండి."

ఇద్దరు చేతులెత్తారు.

లక్ష్మీదేవి వేదిక మెట్ల దగ్గరికి వచ్చి బొమ్మను చూసింది. పక్కనున్న మిగతా ఆరు బొమ్మల్నీ ఒక్కొక్కటిగా చూసింది. అన్నిటిమీదా అదే కుంకుమ రంగు, అదే ఆకుపచ్చ అంచు. "కోసేసినారవ్వా," అంది చిన్నగా. అప్పటిదాకా మారెక్క చీరను ఎక్కడో మడతపెట్టి ఉంచారనే అనుకుంటోంది. ఆమె మొహం మారడం నేను తెర సందులోంచి చూశాను.

"కోసిందెవురు?" అని అడిగింది.

అనుపమ వెంటనే చెప్పింది. "కట్ చేసింది మా టైలర్ కృపాకుమారి అమ్మా. మీరేం బాధపడకండి, ఇంతకంటే మంచి చీర మా అంగడి నుంచి ఇప్పిస్తాం."

స్టేజీమీద నా పేరు చెప్తానన్న మాట అట్లా నిలబెట్టుకుంది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి మైకులో నా పేరు విన్నాను. అందులో అబద్ధం కూడా లేదు, అదే నా మంట. తప్పు మొత్తం నామీద తోసేస్తే అరిచి గోల చేసేదాన్ని. కోసింది నేనే అంటే ఏమని అరవను?

తెర పక్కకు తీసి బయటికి వచ్చాను. లైట్లకు కళ్ళు మూతలు పడ్డాయి. మారెక్క ముందుకు పోయి నిలబడ్డాను.

"నేనే కోసినా పెద్దమ్మా. ఆ కుట్లు చూసినా. ఎవురిదో గుర్తని తెలిసింది. చూసే కోసినా."

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నా మొహం కూడా చూడకుండా నా చేతుల వైపే చూసింది. నేను ఇంక అక్కడ నిలబడలేక వేదికమీదికి పోయి పెండ్లికూతురు బొమ్మను పట్టుకుని కుచ్చెళ్ళలో గుండుసూదులు లాగేశాను. కొంగు విప్పాను. చీర ఊడి నా చేతిలోకి వచ్చింది. తర్వాత రెండో బొమ్మ. తర్వాత మూడోది. నేను పెట్టిన హుక్కులు నాకు తెలుసు, ఒక్కోటి ఎక్కడ ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలను.

అనుపమ పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. అవి అమ్ముడుపోయాయి, ముట్టుకోవద్దంది. "బొమ్మలు మీవి మేడమ్. గుడ్డ మీది కాదు," అన్నాను. అత్త సొమ్ము అల్లుడు దానం అని విన్నాం గానీ, పెండ్లికూతురి చీర ఊడదీసి బొమ్మలకు కట్టి, ఆ బొమ్మల్ని అమ్మి, అదే పెండ్లికూతురికి కవర్లో చీర దానం చేయడం ఎక్కడా వినలేదని కూడా అన్నాను. మైకు పక్కనే ఉంది. అందరికీ వినపడే ఉంటుంది. వినపడాలనే అన్నాను.

తిప్పేష్‌కు కెమెరా ఆపమని ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆపేవాడు కాదేమో. పెద్ద తెరమీద బొమ్మలు ఒకటొకటిగా బట్టలూడిపోయి కనపడ్డాయి. మొహం, చేతులు, కాళ్ళే మీగడ రంగు. మిగతా ఒళ్ళంతా దూది కుక్కిన తెల్లగుడ్డ, వీపుమీద కంపెనీ ముద్ర. వెనక కుర్చీల్లో పిల్లలు నవ్వారు. జాగ్రత్త, వేళ్ళు విరిగిపోతాయి, అవి మళ్ళీ దొరకవు అని అనుపమ బతిమాలింది. ఆ గొంతులో నిజంగా బాధ ఉంది. ఆ సాయంత్రమంతా ఆమె గొంతులో బాధ విన్నది అదొక్కసారే, అది కూడా బొమ్మ వేళ్ళకు. అక్కడే చెంప పగలగొట్టి ఉండేదాన్ని. చేతినిండా చీర ముక్కలున్నాయి కాబట్టి బతికిపోయింది.

ఏడు బొమ్మల బట్టలూ దొరికాయి. ఎనిమిదోది, ఆ గౌను, అప్పటికే బెంగళూరు దారిలో ఉంది. ఉన్నవన్నీ తెచ్చి మారెక్క ఒడిలో పెట్టాను. ఆమె ఆ రంగు కండువా తీసి, అందులో మూటకట్టి చంకన పెట్టుకుంది.  బస్సు ఎక్కడానికి ఆడవాళ్ళందరూ లేచారు. లక్ష్మీదేవి కవర్లోని చీరను కుర్చీమీదే పెట్టి, ఎవరైనా చూస్తారేమోనని కూడా అనుకోకుండా నడిచిపోయింది.

సోమవారం పొద్దున్నే నేను కళ్యాణదుర్గం బస్సెక్కాను. అక్కడ దిగి షేరాటోలో నల్లరాళ్ళపల్లి పోయాను. సంచిలో మిగిలిన ముక్కలన్నీ ఉన్నాయి, సన్న సూదులున్నాయి, చీర రంగుకు పోగు పోగూ కలిపి తెచ్చిన పట్టు దారాలున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. అయినా నాకు లోపల పొగరు చావలేదు. శుక్రవారం లోపల అతుకు ఎక్కడుందో దేవుడికి కూడా కనపడకుండా కుట్టి, ఆ ముసలామె చేతిలో పెడితే, అప్పుడైనా నా మొహం చూస్తుంది అనుకున్నాను.

మారెక్క ఇంటి వసారాలో అప్పటికే చాప పరిచి ఉంది. పదిహేడుమంది ఆడవాళ్ళు. ఆ చీర కట్టుకుని పెండ్లి చేసుకున్నవాళ్ళలో ఊర్లో బతికున్నవాళ్ళంతా వచ్చారు, అదే చీర కట్టుకుని పక్క ఊర్లకు పోయిన కూతుళ్ళు కొందరు వచ్చారు. బొమ్మల బట్టల కుట్లన్నీ విప్పేశారు. నేను అంగుళానికి పద్దెనిమిది చొప్పున వేసిన కుట్లు చాప పక్కన దారపు చెత్తలాగా పడున్నాయి. ముక్కల్ని అంచుకు అంచు చూసుకుంటూ పేరుస్తున్నారు. నేను తెచ్చిన సంచి విప్పి పెట్టాను. ఎవరూ వద్దనలేదు. ఆ ముక్కలు కూడా కలుపుకున్నారు. నేను కూర్చుని సూది తీశాను.

"నీ చెయ్యి దీనిమీద పడద్దు," అంది మారెక్క.

నా కుట్టు కనపడదు పెద్దమ్మా, కొత్త చీరలాగా చేసిస్తాను అన్నాను.

"కనపడకుండా ఎందుకు? కోసినారని కనపడల్ల. కట్టుకున్నోళ్ళే కుడతారు. నీకు సూపు బాగుండాది కదా, వీళ్ళకి సూదిబెజ్జం కనపడదు. దారం ఎక్కించి ఇయ్యి. అది చాలు."

నేను లేచి వచ్చేయాల్సింది. కూర్చున్నాను. పదిహేడుమంది, ఒక్కొక్కరికీ సూదిలో దారం ఎక్కించి ఇస్తూ కూర్చున్నాను. వాళ్ళ కుట్టు చూస్తుంటే నాకు ప్రాణం పోతోంది. ఒకామె జానెడుకు నాలుగు కుట్లు వేస్తుంది. ఇంకొకామె మంచి వైపు, వెనక వైపు కలిపేసింది. ఇంకొకామె పట్టుగుడ్డను గోనెసంచి కుట్టినట్టు లాగి బిగిస్తోంది. అట్లా కాదు అని ఒకసారి నోరు జారాను. మారెక్క తలెత్తి చూసింది. మూసుకున్నాను. నా చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి, వేళ్ళు వాటంతట అవే కదులుతున్నాయి. ఇంత మంచి పనిమంతురాలిని ఎదురుగా పెట్టుకుని ఇట్లా చెడగొడతారా అని కోపం. ఈ చెయ్యే కదా కోసింది అని ఇంకో కోపం. రెండిట్లో ఏది పెద్దదో సాయంత్రం దాకా తేలలేదు.

లక్ష్మీదేవికి ఇంకా పెండ్లి కాలేదు కాబట్టి ఆమె కూడా కుట్టకూడదు. నా పక్కన కూర్చుని దారాలు తుంచుతోంది. చాలాసేపటికి అడిగింది.

"అక్కా, నిజంగా చూసే కోసినావా?"

"ఊ."

"ఎందుకక్కా?"

"కార్డుమీద నా పేరేస్తామన్నారు."

 ఆ పిల్ల తలూపి, ఖాళీ సూది ఒకటి నా చేతిలో పెట్టింది.

మంగళవారం కూడా పోయాను. బుధవారం మధ్యాహ్నానికి చీర ఒక రూపానికి వచ్చింది. గౌనుకు పోయిన గుడ్డ రాలేదు, మూరెడు కురచైంది. కుచ్చెళ్ళు రెండు తక్కువ పెట్టుకుంటే సరిపోతుందని తేల్చారు. కొంగును మాత్రం మారెక్క ఎవరికీ ఇవ్వలేదు, తనే కుట్టింది. నలభై ఒక్క కుట్లూ లోపలి వైపుకు తిప్పి, ఒక్కటి కూడా కదలకుండా కుట్టింది. చీర నిండా అడ్డంగా, నిలువుగా, వంకరటింకరగా కుట్లు. చూసినవాళ్ళెవరికైనా కోసి అతికారని తెలుస్తుంది. శుక్రవారం పందిట్లో అందరికీ తెలుస్తుంది. తెలియనీ.

నా ఫోను అప్పుడే మోగింది. అనుపమ. మూడు రోజులుగా చేస్తూనే ఉంది, నేను ఎత్తలేదు. ఆ రోజు ఎత్తి, స్పీకరు పెట్టి చాపమీద పెట్టాను. ఆమె గొంతులో కోపం లేదు. ఆదివారం జరిగిన వీడియో ఎవరో పెట్టారని, చాలామంది చూశారని, మొదట బాధపడినా ఇప్పుడు తనకు అర్థమైందని చెప్పింది. ఆ ఊరివాళ్ళు చీరను మళ్ళీ కుడుతున్నారట కదా, అది మామూలు చీరకంటే ఎంతో అందమైనదని, ఫొటోలు తీయించాలనుందని, హైదరాబాదులో వచ్చే నెల షోలో దాన్నే మధ్యలో పెట్టి చూపిస్తే బాగుంటుందని అంది. ఈసారి మీ పేరు కూడా తప్పకుండా వేస్తాం కృపక్కా అంది.

నా నోట్లో బూతులు వరసగా నిలబడ్డాయి. ఏది ముందు వదలాలో తేల్చుకునే లోపల మారెక్క కొంగుమీద నుంచి తల ఎత్తకుండానే అడిగింది.

"ఏమంటాది?"

"చీర అడుగుతాండాది."

"వాళ్ళింట్లో పెండ్లుండాదేమో అడుగు. పెండ్లికయితే ఆకు వక్క తెమ్మను. ఎవురికైనా ఇస్తాం."

నేను అడగలేదు. స్పీకరులో అనుపమే విన్నది.  ఫోను కట్ చేసి, దారం కొన నోటితో తడిపి, తర్వాతి సూది అందుకున్నాను.